సర్వర్ ఆగాక ఆ 2 నిమిషాలు ఏం జరుగుతుంది?

ఏడాదికి 5,25,600 నిమిషాలు. సేవ 99.9 శాతం అందుబాటులో ఉంటుందని మాటిచ్చిన సంస్థకు అందులో 8.76 గంటల అంతరాయం చెల్లుతుంది. అదే 99.999 శాతమైతే చెల్లేది 5.26 నిమిషాలే. అర్ధరాత్రి సర్వర్ ఆగితే ఇంజనీరు లేచి లాగిన్ అయ్యేసరికే ఆ కోటా అయిపోతుంది. అందుకే ఆగిన సర్వర్‌లోని వర్చువల్ మెషీన్లు మరో సర్వర్‌పై వాటంతటవే మొదలయ్యే ఏర్పాటు అవసరమైంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ వీఈలో ఆ లెక్కలివి.

3 సర్వర్లు: రెండే ఉండి మధ్యలో నెట్‌వర్క్ తెగితే, అవతలిది ఆగిపోయిందని రెండూ అనుకుంటాయి. ఒకే మెషీన్‌ను రెండు చోట్లా నడిపి ఒకే డిస్క్‌పై రాస్తే డేటా పాడవుతుంది. మూడుంటే, సర్వర్‌కు ఒక ఓటు చొప్పున, 2 ఓట్లున్న పక్షానిదే నిర్ణయం. నాలుగోది చేర్చినా మెజారిటీ 3కు పెరుగుతుంది కాబట్టి, ఒక్క సర్వర్ నష్టాన్నే తట్టుకోగలదు. రెండింటి నష్టానికి సిద్ధపడాలంటే 5 కావాలి.

60 సెకన్లు: మెజారిటీకి దూరమైన సర్వర్‌ను వాచ్‌డాగ్ టైమర్ దాదాపు 60 సెకన్లకు బలవంతంగా రీసెట్ చేస్తుంది. ఇదే ఫెన్సింగ్.

2 నిమిషాలు: పాత సర్వర్ నిజంగా ఆగిందని ఖాయమయ్యాకే మిగతావి దాని మెషీన్లను అందుకుంటాయి. గుర్తించడం నుంచి తిరిగి మొదలుపెట్టడం దాకా సుమారు 2 నిమిషాలు. ఈ ఆలస్యం డేటాను కాపాడటానికే. ఏడాదికి రెండుసార్లు జరిగితే 4 నిమిషాలు పోతాయి, మూడోసారికి 5.26 దాటుతుంది. పైగా మెషీన్ కొత్తగా బూట్ అవుతుంది. ర్యామ్‌లో ఉన్నది పోతుంది, డేటాబేస్ కోలుకునే సమయం అదనం.

15 నిమిషాలు: సెఫ్ వంటి ఉమ్మడి స్టోరేజీ ఉంటే డిస్క్‌పై రాసినది భద్రం. జడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్‌ను నమ్ముకుంటే కాపీ మామూలుగా 15 నిమిషాలకోసారి వెళ్తుంది. చివరి కాపీ తర్వాత రాసినదంతా పోయినట్టే.

512 జీబీ: 256 జీబీ ర్యామ్ సర్వర్లు మూడుంటే మొత్తం 768 జీబీ. ఒకటి ఆగినా మిగతా రెండూ భారం మోయాలంటే వాడుకోదగ్గది 512 జీబీ లోపే. అంతకు మించి నింపితే ఆగిన మెషీన్లలో కొన్నింటికి చోటు దొరకదు.

ఒప్పందంలో శాతం రాసే ముందు ఒక పరీక్ష క్లస్టర్‌లో సర్వర్ పవర్ కేబుల్ లాగి, సేవ తిరిగి అందేదాకా గడియారం చూడండి. అక్కడ తేలిన అంకెనే ఖాతాదారుకు చెప్పండి.