సున్నపుతేట చెప్పే రసాయనశాస్త్రం

తమలపాకుకు రాసే సున్నాన్నీ, పాఠ్యపుస్తకంలోని కాల్షియం హైడ్రాక్సైడునూ విదేశాలలో పెరుగుతున్న మన పిల్లలు రెండు వేర్వేరు లోకాలకు చెందినవిగా భావిస్తారు. ఒకటి అమ్మమ్మగారింటి మాట, రెండవది పరీక్ష మాట. పదార్థం మాత్రం ఒక్కటే.

సున్నపురాయి అంటే కాల్షియం కార్బనేటు. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినప్పుడు అది కార్బన్ డయాక్సైడును వదలి పొడిసున్నంగా, అనగా కాల్షియం ఆక్సైడుగా మారుతుంది. 100 కిలోల శుద్ధమైన రాయి నుండి మిగిలేది 56 కిలోల సున్నమే. తక్కిన 44 కిలోలు వాయురూపంలో వెళ్ళిపోతాయి. పరీక్షకులకు ఈ లెక్క అంటే మహా ప్రీతి! పొడిసున్నంపై నీళ్ళు పోస్తే కుతకుతలాడుతూ, ఆవిరి చిమ్ముతూ తడిసున్నం తయారవుతుంది. ఆ వేడికీ, సున్నపు క్షారగుణానికీ కళ్ళు దెబ్బతినగలవు కనుక ఇది వంటింట్లో చేసి చూడదగిన ప్రయోగం కాదు.

విద్యార్థులు తడబడేది తరువాతి మెట్టు దగ్గర. తడిసున్నాన్ని నీళ్ళలో కలిపి, తేరిన పిదప పైనీటిని వంచుకుంటే అదే సున్నపుతేట. దానిలోకి కార్బన్ డయాక్సైడును పంపితే పాలవలె తెల్లబడుతుంది. కరగని కాల్షియం కార్బనేటు సన్నని రేణువులుగా ఏర్పడటమే అందుకు కారణం. మనం విడిచే ఊపిరిలో ఈ వాయువున్నదని 1750ల దశకంలో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ గుర్తించినది ఈ పరీక్షతోనే. చాలామంది జవాబును ఇక్కడే ఆపి మార్కులు పోగొట్టుకుంటారు. వాయువును ఇంకా పంపితే ఆ తెలుపు మాయమై ద్రావణం మళ్ళీ తేటపడుతుంది; నీళ్ళలో కరిగే కాల్షియం బైకార్బనేటు ఏర్పడుతుంది కనుక. దానిని మరిగిస్తే వాయువు వెడలిపోయి, కార్బనేటు తిరిగి అడుగున చేరుతుంది.

అనంతగిరి కొండలలోని బొర్రా గుహలను తొలిచినది ఈ చర్యే. కార్బన్ డయాక్సైడును కలుపుకొన్న వాననీరు సున్నపురాయిని బైకార్బనేటుగా కరగించింది. అదే నీరు గుహ కప్పు నుండి చుక్కచుక్కగా జారుతూ వాయువును వదలినచోట కార్బనేటు పేరుకొని, భక్తులు కొలిచే శివలింగమైంది. లండను ఇళ్ళలో కెటిల్ అడుగున కట్టే తెల్లని పెచ్చూ దీని వంశానిదే.

ఈ తాత్కాలిక కాఠిన్యాన్ని తొలగించడానికి తడిసున్నాన్నే వాడే పద్ధతికి 1841లో థామస్ క్లార్క్ పేటెంటు పొందాడు. సున్నపురాయి తెచ్చిన కాఠిన్యాన్ని సున్నమే పోగొట్టడం వింతగా తోచవచ్చు. కాని బైకార్బనేటుకు తగిన పాళ్ళలో తడిసున్నం తోడైతే రెండూ కరగని కార్బనేటుగా మారి అడుగుకు దిగిపోతాయి. సున్నం మోతాదు మించితే మాత్రం నీటిలో కాల్షియం మళ్ళీ చేరుతుంది.