భయానక నాటకంలో హాస్యపాత్రలు

భయం పుట్టించవలసిన నాటకంలో నవ్వుకు చోటెక్కడిది? శవపేటిక మూత మెల్లగా తెరుచుకొంటున్న సమయంలో ఎవరో ఒక తెలివితక్కువ మాట అని మనలను నవ్విస్తే, అంతవరకు కూడబెట్టిన ఉత్కంఠ అంతా ఒక్కసారిగా చెదిరిపోదా? ఈ శంక నేటిది కాదు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో హాస్యానికి భయానక కరుణ రసాలు రెండూ విరోధులని చెప్పినాడు. అయితే విరోధమున్న రసాలను ఒకే కావ్యంలో పొసగించే ఉపాయాలను కూడా మన ఆలంకారికులు చెప్పకపోలేదు. రెండింటికీ ఆశ్రయం వేరు చేయడం ఒక ఉపాయం. ఒకదానిని రెండవదానికి అంగంగా నిలపడం మరొక ఉపాయం. ఈ సూత్రాలు ఎంతవరకు నిలుస్తాయో పరీక్షించడానికి, మన దేశానికి చాలా దూరాన, అమెరికాలో ప్రసారమైన ఒక దైనిక నాటకాన్ని ఉదాహరణగా తీసుకొందాము. దాని పేరు ‘డార్క్ షాడోస్’, అనగా చీకటి నీడలు.

ముందుగా ఆ నాటకజాతిని గూర్చి రెండు మాటలు. అమెరికాలో గృహిణులను ఉద్దేశించి పగటివేళ రోజూ ప్రసారమయ్యే ధారావాహిక నాటకాలకు ‘సోప్ ఒపేరా’ అని పేరు. వాటి ఖర్చు భరించినవారిలో సబ్బుల కంపెనీలవారు ముఖ్యులు కావడంచేత ఈ వేళాకోళపు పేరు స్థిరపడినది. రేడియో అభిమానులు గుర్తుంచుకోవలసిన విషయమేమంటే, ఈ జాతి పుట్టినది టెలివిజన్‌లో కాదు, 1930 ప్రాంతంలో షికాగో రేడియోలో. ‘గైడింగ్ లైట్’ అనే ప్రసిద్ధ నాటకం 1937లో రేడియోలో ఆరంభమై, 1952లో టెలివిజన్‌కు చేరినది. పెళ్లిళ్లు, విడాకులు, వీలునామాలు, జబ్బులు ఈ నాటకాలకు కథావస్తువులు. ఆ ముంగిట్లోకి పిశాచాన్ని ప్రవేశపెట్టిన ఘనత ‘డార్క్ షాడోస్’ది.

ఈ నాటకం 1966 జూన్ 27న ఏ.బి.సి. సంస్థవారి టెలివిజన్‌లో మొదలై, 1971 ఏప్రిల్ 2న ముగిసినది. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున మొత్తం 1,225 భాగాలు ప్రసారమైనవి. దీని సృష్టికర్త డాన్ కర్టిస్. మెయిన్ రాష్ట్రపు సముద్రతీరాన కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత గ్రామం. గుట్టమీద కాలిన్‌వుడ్ అనే పాత భవంతి. అందులో కాలిన్స్ వంశీయులు. మొదటి 200 భాగాలు దాటిన తరువాత, 1967 ఏప్రిల్‌లో, బార్నబాస్ కాలిన్స్ అనే రక్తపిశాచి రంగప్రవేశం చేసినాడు. ఆ పాత్ర ధరించిన జొనాథన్ ఫ్రిడ్ కెనడా దేశీయుడు. పిశాచం వచ్చిన నాటినుండి నాటకానికి జీవం వచ్చినది. బడి విడిచిన పిల్లలు పరుగున ఇళ్లకు చేరి ఈ నాటకం ముందు కూర్చునేవారు.

ఇటువంటి కథలో నవ్వు కొత్తగా తెచ్చిపెట్టినది కాదు. పాడుపడిన కోటలు, రహస్యమార్గాలు, దయ్యాలు నిండిన గాథిక్ కథలకు మొదటిదిగా చెప్పబడే ‘కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవలను హొరేస్ వాల్పోల్ 1764లో ప్రచురించినాడు. అందులోని సేవకుల వెర్రిమాటలు కథాగాంభీర్యానికి తగవని ఆక్షేపణ వచ్చినది. 1765 నాటి రెండవ కూర్పు పీఠికలో అతడు దానికి సమాధానం చెబుతూ, షేక్స్పియర్‌ను సాక్షిగా నిలిపి, ప్రభువుల గాంభీర్యం పక్కన సేవకుల అమాయకత్వం ఉంటేనే మొదటిది రాణిస్తుందని వాదించినాడు. మనకు ఇది వింత కాదు. తోలుబొమ్మలాటలో రామరావణ కథ నడుస్తూ ఉండగానే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి దూకి వస్తారు. వారు వచ్చినంత మాత్రాన రావణుడు చిన్నవాడు కాలేదు.

రోజువారీ నాటకానికి ఇటువంటి పాత్రలతో మరొక అవసరం కూడా ఉన్నది. కథ నెలల తరబడి సాగుతుంది. నిన్నటి భాగం చూడనివారు ఉంటారు. జరిగిన కథను ఎవరో ఒకరు మళ్లీ చెప్పాలి. గంభీరమైన పాత్ర చెబితే అది పాఠం ఒప్పజెప్పినట్లుంటుంది. వాగుడుకాయ చెబితే సహజంగా ఉంటుంది. కాలిన్‌వుడ్ గృహపాలకురాలు మిసెస్ జాన్సన్ ఈ పని చేస్తుంది. క్లారిస్ బ్లాక్‌బర్న్ ధరించిన ఈ పాత్రకు ప్రతిదీ అపశకునమే. ఈగిల్ హిల్ శ్మశానపు ముసలి కాపరిగా డానియల్ కీస్ కనిపిస్తాడు. సమాధులలోని వారిని గూర్చి ఇరుగుపొరుగువారిని గూర్చి చెప్పినట్లు చెబుతాడు. ఈ ఇద్దరినీ చూసి మనం నవ్వుతాము. అయితే వారు భయపడుతున్న వస్తువు నిజంగానే ఉన్నదని మనకు తెలుసు. కనుక ఆ నవ్వు భయాన్ని తగ్గించదు.

తరువాతి మెట్టు విద్వాంసునిది. 1968లో ప్రవేశించిన ప్రొఫెసర్ స్టోక్స్ భూతప్రేత విద్యలలో పండితుడు. ఒంటికంటి అద్దం, నిండైన విగ్రహం, గ్రాంథికంగా దొర్లే వాక్యాలు, ఎంత ఆపద వచ్చినా చెదరని ఆత్మవిశ్వాసం. థేయర్ డేవిడ్ ఈ పాత్రను ఠీవిగా నడిపినాడు. స్టోక్స్ ఆడంబరం మనలను నవ్విస్తుంది గాని, అతని తెలివి నకిలీది కాదు. అదే నటుడు 1795 నాటి కథాభాగంలో స్టోక్స్ పూర్వీకుడైన బెన్ అనే నిరక్షరాస్య సేవకుడుగా కూడా నటించినాడు. తాతకు అక్షరం రాదు, మనుమనికి మాట ఆగదు. ఈ హాస్యం చూస్తూ వచ్చినవారికే అందుతుంది. దైనిక నాటకానికి మాత్రమే దక్కే సౌకర్యం ఇది.

నవ్వు విషాదంగా మారే పాత్రలు ఇంతకంటె లోతైనవి. 1795 కథలో న్యూయార్క్ నుండి వచ్చిన మిల్లిసెంట్ కాలిన్స్ అనే ధనవంతురాలిని చూడండి. నాన్సీ బారెట్ ధరించిన ఈ యువతి చిన్నదానికి కన్నీరు, పెద్దదానికి మూర్ఛ, మధ్యలో ఎడతెగని కబుర్లు. అందరూ ఆమెను చూసి నవ్వుతారు, మనమూ నవ్వుతాము. ఆస్తి కోసం ఆమెను పెళ్లాడిన నేథన్ ఫోర్బ్స్, ఆ ఆస్తి అప్పటికే ఆమె తమ్మునిపేర వ్రాయబడినదని తెలుసుకొని, ఆమె మతి చలించేటట్టు కుట్ర చేస్తాడు. మొదట మనలను నవ్వించిన చాపల్యమే చివరికి ఉన్మాదమవుతుంది. ఆ మాటలు, ఆ గొంతు మారలేదు. మనం మాత్రం నవ్వలేము. ముందు నవ్వినందుకు మనసులో ఒక ముల్లు గుచ్చుకొంటుంది.

1969లో ప్రసారమైన 1897 నాటి కథ ఈ విషయంలో మరీ సంపన్నమైనది. అందులో కార్ల్ కాలిన్స్ అనే సోదరుడు ఇంటిల్లిపాదినీ ఆటపట్టించే కొంటెవాడు. జాన్ కార్లెన్ ఈ పాత్ర ధరించినాడు. అంతకుముందు ఇదే నటుడు విల్లీ లూమిస్‌గా, నగల ఆశతో శవపేటిక తెరిచి పిశాచానికి బానిసైన దీనునిగా నటించి ఉన్నాడు. కార్ల్ తుపాకి పేల్చితే గుండుకు బదులు జెండా బయటికి వస్తుంది. ఇటువంటి మనిషి ఒకనాడు బార్నబాస్ రహస్యం కనుగొంటాడు. జీవితమంతా అబద్ధపు భయాలు పుట్టించినవానికి నిజమైన భయం ఎదురవుతుంది. బార్నబాస్ చేతిలో అతడు ప్రాణాలు కోల్పోతాడు. మనం అభిమానించే కథానాయకుడే మనలను నవ్వించినవానిని చంపినాడు. బార్నబాస్ ఎటువంటివాడో ఏ రక్తపుటేరూ చెప్పలేనంత స్పష్టంగా ఈ ఒక్క మరణం చెబుతుంది.

కార్ల్ పెళ్లాడ దలచి తీసుకువచ్చిన పాన్సీ ఫే రంగస్థల గాయని. పరుల మనసులోని మాట చెప్పగలనని చెప్పుకునే మనిషి. ఆమె వచ్చిన కొద్దికాలానికే హత్యకు గురి అవుతుంది. తరువాత ఆమె ఆత్మ చారిటీ ట్రాస్క్ అనే యువతిని ఆవేశిస్తుంది. చారిటీ కపట మతగురువు కూతురు. నవ్వడం కూడా తప్పనే పెంపకంలో పెరిగినది. అటువంటి పిల్ల తళుకు దుస్తులు తొడిగి నాట్యశాలల పాటలు అందుకొంటుంది. చూడడానికి ఇది హాస్యమే. కాని చారిటీ ఎక్కడికి పోయినదని ఒక్క నిమిషం ఆలోచిస్తే, ఒక మనిషి తన దేహంలోనే లేకుండా పోయిన భయానకం ఇందులో ఉన్నది. ఇక్కడ హాస్యభయానకాలకు ఆశ్రయం ఒకటే. సూత్రానికి అపవాదమని చెప్పదగిన ఘట్టమిది.

ఆ కథలోనే మాగ్డా, శాండర్ అనే జిప్సీ దంపతులు ఉన్నారు. మాగ్డాగా నటించిన గ్రేసన్ హాల్ ‘నైట్ ఆఫ్ ది ఇగ్వానా’ చిత్రంలోని నటనకు ఆస్కార్ బహుమతి పోటీకి ఎంపికైన నటి. జోస్యం చెప్పడం, కాసులకై వాదులాడుకోవడం, ఒకరినొకరు దెప్పుకోవడం, ఇదంతా మొదట వినోదంగా సాగుతుంది. తన చెల్లెలు జెన్నీని భర్త క్వెంటిన్ చంపినాడని తెలిసి మాగ్డా అతనిని శపిస్తుంది: అతడు, అతని వంశపు జ్యేష్ఠపుత్రులు పున్నమినాడు తోడేళ్లు కాగలరని. శాపం పెట్టిన తరువాత తెలుస్తుంది, జెన్నీకి కవల పిల్లలు ఉన్నారని. అనగా శాపం తన చెల్లెలి సంతానానికే తగిలినది. అప్పటినుండి మాగ్డా నవ్వించదు. చేసినదానిని తొలగించడానికి తిరుగుతూ భర్తనుకూడా పోగొట్టుకొంటుంది. దైనిక నాటకంలో ఒక హాస్యపాత్ర ఇంత ఎత్తుకు చేరడం అరుదు.

ఇక్కడ ఒక లోపం కూడా చెప్పవలసి ఉన్నది. దేశదిమ్మరితనం, దొంగతనం, శాపాలు ఒక జాతి లక్షణాలుగా చూపడం, నటులు ముఖానికి గోధుమరంగు పూసుకోవడం, ఇవి నేటి దృష్టికి న్యాయంగా తోచవు. రోమానీ ప్రజల భాష మన ఉత్తరదేశపు భాషలకు బంధువని భాషాశాస్త్రం నిరూపించి ఉన్నది కనుక, ఈ అపచారం మనకు మరింత సమీపంగా తగులుతుంది.

రచయితలు తలపెట్టని హాస్యం కూడా ఈ నాటకంలో పుష్కలంగా ఉన్నది. ప్రతి భాగమూ నాటకం ఆడినట్లు ఏకధాటిగా టేపుమీద ముద్రించేవారు. టేపును కత్తిరించి అతకడం ఖర్చుతో కూడిన పని కావడంచేత పొరపాట్లు ఉన్నవి ఉన్నట్లే ప్రసారమయ్యేవి. నటులు మాట మరచి తడబడతారు. మైక్రోఫోను నీడ గోడమీద కదులుతుంది. సమాధిరాళ్లు తగిలితే ఊగుతాయి. అభిమానులు వీటిని ముద్దుగా నెమరువేసుకొంటారు. అయితే ఈ నవ్వుకు, మాగ్డా నవ్వుకు భేదం ఉన్నది. ఒకటి కథలోనుండి మనలను బయటికి ఈడుస్తుంది. రెండవది కథలోనికి మరింత లోతుగా తీసుకుపోతుంది.

2012లో టిమ్ బర్టన్ ఇదే కథను చలనచిత్రంగా తీసినప్పుడు ఈ భేదం మరొక విధంగా బయటపడినది. అందులో 1972లో మేలుకొన్న బార్నబాస్, జానీ డెప్ రూపంలో, ఆధునిక వస్తువులను చూసి విస్తుపోతూ తానే హాస్యపాత్ర అవుతాడు. నవ్వు రావడానికి లోటు లేదు. భయం మాత్రం నిలువలేదు. భయానికి ఆలంబనమైనవానినే నవ్వుకు ఆలంబనం చేస్తే ఆ భయం ఎవరిని ఆశ్రయించి నిలవాలి? పాత నాటకంలో జొనాథన్ ఫ్రిడ్ ఎన్నడూ నవ్వించ తలపెట్టలేదు. నవ్వించేవారందరూ అతని చుట్టూ ఉన్నారు. విశ్వనాథుని మాట ఇక్కడ నిజమైనది.

ఈ నాటకం 1,225 భాగాలలో ఒక్కదాని చిత్రం మాత్రమే నశించినది. ఆ 1219వ సంఖ్య గల భాగానికి శబ్దం మిగిలి ఉన్నది. దానిని వినేవారికి భవంతి కనిపించదు, దుస్తులు కనిపించవు. గొంతులు మాత్రమే ఉంటాయి. రేడియో నాటకం వినే అలవాటున్న మన శ్రోతలకు అది లోటు కాకపోవచ్చు. భయమైనా నవ్వైనా ముందుగా మనిషి గొంతులోనే పుడుతుంది. భయానక నాటకం వ్రాయదలచిన మన రచయితలు హాస్యపాత్రను విడిపోయే అతుకుగా కాక, కథలో ప్రాణమున్న మనిషిగా కల్పించవలెను. ఎవరి మాట విని మనం నవ్వినామో వారికి ఆపద వచ్చినప్పుడే మనకు నిజంగా భయం వేస్తుంది.