పూచీ పడే పొరుగువారు

నేరస్థునికి న్యాయస్థానం విధించే శిక్షకు ఒక గడువు ఉంటుంది. లోకం విధించే శిక్షకు గడువు లేదు. కారాగారం నుండి విడుదలైన వ్యక్తి ఉపాధి కోసం ఒక గుమ్మం ముందు నిలబడినప్పుడు ఈ రెండవ శిక్ష ఆరంభమవుతుంది. "ఇన్నేళ్లు ఎక్కడ పనిచేశావు?" అన్న ప్రశ్నకు అతని వద్ద సమాధానం ఉండదు. అతనికి పని తెలియకపోవడం కన్నా, అతని తరఫున పూచీ పడే మనిషి లేకపోవడమే పెద్ద లోటు. ఆ లోటును తీర్చడానికి సామాన్య పౌరులే ముందుకు వచ్చిన దేశం జపాన్.

ఈ సేవకు మూలం ఒక విషాద వృత్తాంతమని అక్కడివారు చెప్పుకుంటారు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో షిజుఓకా కారాగారంలో ఒక ఖైదీ ఉండేవాడు. అక్కడి అధికారి హితబోధతో అతనిలో పరివర్తన కలిగింది. ఇక నేరం చేయనని మాట ఇచ్చి అతడు స్వగ్రామం చేరాడు. అప్పటికే భార్య మరొకరిని వివాహమాడింది. బంధువులు ఆశ్రయమివ్వలేదు. మళ్లీ దొంగతనానికి దిగితే కడుపు నిండేది కాని, ఇచ్చిన మాట తప్పవలసి వచ్చేది. దిక్కుతోచక అతడు నీట మునిగి ప్రాణం విడిచాడు.

ఈ వార్త కింపర మేయిజెన్ (1832-1923) మనసును కలచివేసింది. ఆయన తెన్ర్యూ నది వరదలను అరికట్టడానికి సొంత ఆస్తిని వెచ్చించిన దాత. మారిన మనిషికి నిలువ నీడ లేకపోతే ఆ మార్పు వల్ల ప్రయోజనమేమిటని ఆయన యోచించాడు. 1888లో సహచరులతో కలిసి, విడుదలైన ఖైదీలకు వసతి, పని చూపే సంస్థను నెలకొల్పాడు. ఊరూరా బాధ్యతగల పెద్దలను దానికి తోడు చేశాడు. ఆ తోడ్పాటే కాలక్రమంలో దేశమంతటా వ్యాపించి, 1950లో ప్రత్యేక చట్టంగా రూపొందింది. ఈ స్వచ్ఛంద సేవకులను 'హొగోషి' అంటారు. 'హొగో' అనగా సంరక్షణ. వీరిని న్యాయశాఖ మంత్రి నియమిస్తాడు. వీరికి జీతం లేదు, ఖర్చులు మాత్రం కొంతవరకు చెల్లిస్తారు. నేడు వీరి సంఖ్య నలభై వేలకు పైమాటే. పదవీ విరమణ చేసినవారు, దుకాణదారులు, గృహిణులు, అర్చకులు వీరిలో ఉన్నారు.

వీరి పని ఖైదీ విడుదలకు ముందే మొదలవుతుంది. అతడు చేరబోయే ఇంటికి వెళ్లి, ఇంటివారు అతనిని ఆదరిస్తారో లేదో విచారిస్తారు. పరిసరాలను, పని దొరికే అవకాశాలను గమనిస్తారు. విడుదలైన పిదప నెలకు సుమారు రెండు పర్యాయాలు అతనిని కలుస్తారు. చాలాకాలం ఈ కలయిక సేవకుని ఇంటిలోనే, తేనీటి పాత్రల నడుమ సాగేది. మాటలలో తేలిన సంగతులను ప్రతి మాసం ప్రభుత్వ కార్యాలయానికి నివేదిస్తారు. విన్న రహస్యాలను బయటపెట్టరాదన్నది వీరికి చట్టం విధించిన నియమం.

పని దొరకడం ఒక ఎత్తు, దానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. కారాగారంలో నిద్ర లేవడం, భుజించడం, పనిచేయడం అన్నీ పరుల ఆజ్ఞపై జరుగుతాయి. వెలుపలికి వచ్చాక సమయానికి లేవడం కూడా తానే నేర్చుకోవలసిన విద్య. మొదటి జీతం చేతికి వచ్చేది నెల గడిచాకనే. అంతవరకు తిండికి, అద్దెకు, దారి ఖర్చులకు ఏది ఆధారం? తోటి పనివాడు ఒక మాట తూలితే తిరిగి అనకుండా ఓర్చుకోవడం ఎట్లా? పని మానేసి పోవాలన్న ఆవేశం కలిగిన సాయంకాలం చెప్పుకోవడానికి ఒక ఇల్లు ఉంటే, మరునాడు అతడు మళ్లీ పనిలోకి వెళ్లే అవకాశముంది. చిన్న విషయాలుగా తోచే ఇవే ఎందరి ఉద్యోగాలనో పోగొడతాయి. ఆ దేశపు కారాగారాలకు తిరిగి వచ్చినవారిలో దాదాపు నూటికి డెబ్బై మంది నేరం చేసే నాటికి నిరుద్యోగులేనని ప్రభుత్వ గణాంకాలు తెలుపుతున్నాయి.

గతం తెలిసి కూడా పని ఇవ్వడానికి పేరు నమోదు చేసుకున్న యజమానులు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో దాదాపు సగం మంది భవన నిర్మాణ రంగంవారే. పేరు నమోదు చేసుకోవడం సులభం. నిజంగా పనిలోకి తీసుకున్నవారు మాత్రం వారిలో కొద్దిమందే.

మన హైదరాబాదులో చంచల్‌గూడ కారాగారం వద్ద జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకును చాలామంది చూసి ఉంటారు. అక్కడ ఖైదీలకు పని దొరికింది. అది ప్రభుత్వం చూపిన ఉపాధి. హొగోషి చేసేది వేరు. అతడు పని సృష్టించలేడు. పనిలో చేరినవాని వెనుక పొరుగువానిగా నిలుస్తాడు.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. 2024 మే మాసంలో ఓత్సు నగరంలో ఒక సేవకుడు తన ఇంటిలోనే హత్యకు గురయ్యాడు. ఆయన పర్యవేక్షణలో ఉన్న వ్యక్తినే పోలీసులు నిర్బంధించారు. ఆ వార్తకు దేశం దిగ్భ్రాంతి చెందింది. ఇంటిలో కాక బహిరంగ స్థలాలలో కలవాలని, ఒకరికి బదులు ఇద్దరు వెళ్లాలని సూచనలు వచ్చాయి. సేవకులలో అధికులు అరవై ఏళ్లు దాటినవారు. యువకులు ముందుకు రావడం తగ్గింది. ఇంటి తలుపు మూసివేస్తే భద్రత పెరుగుతుందనడంలో సందేహం లేదు. కాని కార్యాలయపు బల్లకు ఇరువైపులా కూర్చుని మాట్లాడినప్పుడు, ఆ పాత చనువు నిలుస్తుందా అన్న ప్రశ్న వారి సమావేశాలలో నేటికీ చర్చకు వస్తూనే ఉంది.