కార్తెలు తెలిసిన పెరడు

హనుమకొండలో అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన ఓ పెంకుటిల్లు. ఇంటికన్నా వెనక పెరడే పెద్దది. వేప, నిమ్మ, కరివేపాకు, మందారం, ఓ చేదబావి. జూన్ చివరి వారం, రాత్రి కురిసిన వానకు నేల ఇంకా మెత్తగా ఉంది. కాలు పెట్టబోతుంటే ఇంటి పెద్దమ్మ ఆపింది. “చూసి నడువు బిడ్డా, ఆరుద్ర పురుగులున్నయి.”

వంగి చూస్తే ఎర్రటి మఖ్మల్ గుండీలు మెల్లగా కదులుతున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటే ఎనిమిది కాళ్లూ ముడుచుకుని కుంకుమ బొట్టులా ఉండిపోయింది. పేరుకు పురుగే గానీ ఇది సాలీడుకు దగ్గరి చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే దాగి, తొలకరి పడగానే పైకొస్తుంది. చిన్న చిన్న పురుగులు, వాటి గుడ్లు దీని ఆహారం.

ఆరుద్రకే కాదు, 27 కార్తెల్లో ప్రతిదానికీ ఈ పెరట్లో ఓ గుర్తు ఉంది. ఉగాది వేళకు వేపపూత రాలుతుంది. మగకోయిల కొమ్మల్లో దాగి కూస్తుంటే, మచ్చల ఆడకోయిల గుడ్డు పెట్టడానికి కాకిగూడు వెతుక్కుంటుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండలకు పిగిలిపిట్టలు, గోరింకలు, ఉడుతలు బావి దగ్గరి మట్టిమూకుడు చుట్టూ చేరతాయి. వానలు వెనకబట్టాక తూనీగల గుంపులు తిరుగుతాయి. వాటిలో ఒక రకం హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా ఎగిరిపోతుంది.

నిమ్మచెట్టు ఆకులు సగానికి సగం కొరికేసి ఉన్నాయి. మందు కొట్టలేదేమని అడిగితే పెద్దమ్మ ఓ కొమ్మ వంచి చూపింది. లేత గొంగళిపురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంది. శత్రువుల కళ్లుగప్పడానికే ఆ వేషం. పక్క ఆకుమీద ఎదిగినది పచ్చగా ఉంది. వేలు తగలగానే తల వెనక ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదిలింది. కొన్నాళ్లకు అదే నలుపు, పసుపు రెక్కల సీతాకోకచిలుక.

“ఆకు మళ్లొస్తది. దీనికి ఇంకో చెట్టు యాడున్నది?” అంది పెద్దమ్మ.

ప్రహరీ అవతలి ఇంట్లో నేలంతా గచ్చు చేశారు. అక్కడా ఇదే వాన పడింది. కానీ ఆరుద్ర పురుగు పైకి రావడానికి మట్టే లేదు. పెరడంతా వదలలేకపోయినా, మన ఇళ్లలో ఒక్క మూలైనా గచ్చు వేయకుండా, మందు కొట్టకుండా ఉంచుదాం. వచ్చే ఆరుద్రకు ఆ మూల మన పిల్లలు వంగి చూస్తారు.