రెండు పాత కార్డులా? ఒక్క కొత్త కార్డా?

తిరుపతిలోనో చిత్తూరులోనో గేమింగ్ పీసీలు బిగించే షాపులో కాసేపు కూర్చుంటే ఈ ప్రశ్న చెవిన పడుతుంది. "అన్నా, నా దగ్గరుండే గ్రాఫిక్స్ కార్డే ఇంకోటి సెకండ్‌హ్యాండ్‌లో వస్తా ఉంది. రెండూ కలిపి వేస్తే కొత్తదాంతో సమానం అవదా?" అడిగేది ఎక్కువగా ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లే. ఇంట్లో ఒప్పించి తెచ్చుకున్న డబ్బుకు హద్దు ఉంటుంది. కొత్త కార్డు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. పాత కార్డు మాత్రం సగం ధరకో, అంతకన్నా తక్కువకో దొరుకుతుంది. తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరు నుంచి బస్సెక్కితే బెంగళూరు ఎస్పీ రోడ్డు. అక్కడ దొరకని పాత కార్డు ఉండదు. ఒకటికి ఒకటి కలిస్తే రెండు కదా అన్నది వాళ్ల లెక్క.

పదేళ్ల కిందట ఈ ప్రశ్నకు రెండు వైపులా వాదించేవాళ్లు ఉండేవాళ్లు. ఇవాళ ఆటల వరకు వాదన ముగిసింది. ఎందుకు ముగిసిందో తెలిస్తే డబ్బు వృథా కాదు.

ఒక గీత నీది, ఒక గీత నాది

రెండు కార్డులను జత చేసి ఆట నడిపించడం 1998లో మొదలైంది. అమెరికాకు చెందిన త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ ఆ ఏడాది వూడూ 2 అనే కార్డు తెచ్చింది. ఒక్క కార్డుతో తెర మీద 800×600 పిక్సెళ్ల దాకా బొమ్మ వచ్చేది. రెండు కార్డులను కేబుల్‌తో కలిపితే 1024×768 దాకా వెళ్లేది. బొమ్మలోని సరి గీతలు ఒక కార్డు గీస్తే, బేసి గీతలు రెండోది గీసేది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ఎస్ఎల్ఐ. 2000 చివర్లో త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను ఎన్విడియా కొనేసింది. 2004లో జీఫోర్స్ 6 సిరీస్‌తో అదే మూడక్షరాలను మళ్లీ బయటికి తీసింది. మరుసటి ఏడాదే ఏటీఐ కంపెనీ క్రాస్‌ఫైర్ పేరుతో పోటీకి దిగింది. ఆ ఏటీఐని 2006లో ఏఎండీ కొనుక్కుంది.

అప్పటికి గీతలు పంచుకునే పద్ధతి పోయి ఫ్రేములు పంచుకునే పద్ధతి వచ్చింది. తెర మీద కదిలే ఆట నిజానికి వరుసగా వచ్చిపడే నిశ్చల చిత్రాలు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మొదటి ఫ్రేము ఒక కార్డు గీస్తుంది, రెండోది రెండో కార్డు, మూడోది మళ్లీ మొదటి కార్డు. కాగితం మీద ఇది రెట్టింపు వేగమే.

చిక్కు ఫ్రేముల మధ్య ఎడంలో ఉంది. ఒక ఫ్రేము 8 మిల్లీసెకన్లకు వచ్చి, తర్వాతది 25 మిల్లీసెకన్లకు వస్తే సగటు సెకనుకు 60 ఫ్రేములే. కంటికి మాత్రం ఆట 40 దగ్గర ఈడుస్తున్నట్టు ఉంటుంది. తిరుపతి నుంచి కొండకు పది నిమిషాలకో బస్సు ఉందనుకోండి. ఒకటి ఐదు నిమిషాలకే వచ్చి, ఆ తర్వాతది పదిహేను నిమిషాలకు వస్తే గంటకు ఎన్ని బస్సులన్న లెక్క మారదు, స్టాపులో నిలబడ్డవాడి తిప్పలు మారతాయి. గేమర్లు దీన్ని మైక్రో స్టటర్ అంటారు. ఫ్రేము ఫ్రేముకీ మధ్య సమయాన్ని కొలిచే పరీక్షలు 2011 తర్వాత ప్రచారంలోకి వచ్చాయి. అంతవరకు సగటు అంకెల చాటున దాగిన లోపం అప్పుడు బయటపడింది.

మెమరీ విషయంలోనూ భ్రమే ఎక్కువ. 8 జీబీ కార్డులు రెండు వేస్తే ఆటకు 16 జీబీ దొరకదు. ప్రతి కార్డూ తన వంతు ఫ్రేమును పూర్తిగా గీయాలి కాబట్టి ఆటలోని గోడలు, చెట్లు, మనుషుల బొమ్మలన్నీ రెండింటిలోనూ విడివిడిగా ఉండాలి. కొన్నది 16, వాడుకునేది 8.

తైపేలో మన తెలుగాయన పందెం

చౌక కార్డులు రెండు కలిసి ఖరీదైన కొత్త కార్డును ఓడించగలవని ప్రపంచం ముందు గట్టిగా వాదించింది ఒక తెలుగువాడు. ఆయన పేరు రాజా కోడూరి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివారు. ఎస్3, ఏటీఐ, యాపిల్ కంపెనీల్లో పనిచేసి, 2015లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు.

2016 మే నెలలో ఎన్విడియా జీటీఎక్స్ 1080ని ప్రకటించింది. ప్రారంభ ధర 599 డాలర్లు. జూన్ మొదట్లో తైపేలో జరిగిన కంప్యూటెక్స్ ప్రదర్శనలో కోడూరి వేదికెక్కి 199 డాలర్ల నుంచి మొదలయ్యే ఆర్ఎక్స్ 480ని చూపించారు. అంతటితో ఆగకుండా రెండు ఆర్ఎక్స్ 480లను ఒక పక్క, ఒక్క జీటీఎక్స్ 1080ని ఇంకో పక్క పెట్టి యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ అనే ఆట నడిపించారు. జంట కార్డులకు సెకనుకు 62.5 ఫ్రేములు, 1080కి 58.7. జంట ఖర్చు 500 డాలర్ల లోపే.

ఆ అంకెల్లో అబద్ధం లేదు. ఎంచుకున్న ఆటలోనే కిటుకు ఉంది. ఆటకూ కార్డుకూ మధ్య వారధిలాంటి డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక రెండు కార్డుల మధ్య పని పంచే బాధ్యత ఆట తయారుచేసేవాళ్ల మీద పడింది. ఆ శ్రమ పడి, రెండు కార్డులకు తగ్గట్టు రాసిన అతికొద్ది ఆటల్లో యాషెస్ ఒకటి. మిగతా స్టూడియోలకు ఆ అవసరం కనిపించలేదు. ఆడేవాళ్లలో రెండు కార్డులున్నవాళ్లు గుప్పెడు మంది, వాళ్ల కోసం నెలల పని ఎవరు పెట్టుకుంటారు?

ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 2016 జులైలో వచ్చిన జీటీఎక్స్ 1060కి ఎన్విడియా అసలు ఎస్ఎల్ఐ సౌకర్యమే ఇవ్వలేదు. మధ్యతరగతి గేమరు చౌక కార్డులు రెండు కొనే దారి అక్కడే సగం మూతపడింది. 2017లో వేగా కార్డులతో ఏఎండీ క్రాస్‌ఫైర్ అన్న పేరు వాడటం మానేసింది. 2019లో వచ్చిన ఆర్ఎక్స్ 5700లో ఆ సౌకర్యమే తీసేసింది. కోడూరి అప్పటికే ఇంటెల్‌లో చేరి, తర్వాత ఆర్క్ పేరుతో వచ్చిన కార్డుల పని నడిపిస్తూ ఉండేవారు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌లో జత కలిపే కనెక్టర్ 3090, 3090 టీఐలకు మాత్రమే ఉంచింది. పాత కార్డుల కోసం, ఒక్కో ఆటకు కావాల్సిన కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు 2021 జనవరి 1 నుంచి ఇవ్వబోమని 2020లోనే చెప్పేసింది. 2022లో వచ్చిన 4090కి కనెక్టరే లేదు.

సాంకేతిక కారణం ఇంకొకటి ఉంది. ఇప్పటి ఆటలు, చిన్నగా గీసిన బొమ్మను పెద్దది చేసి చూపే డీఎల్ఎస్ఎస్ లాంటి సాయాలు ప్రతి ఫ్రేమునూ గీయడానికి అంతకు ముందరి ఫ్రేముల సమాచారం మీద ఆధారపడతాయి. ఆ ముందు ఫ్రేము పక్క కార్డులో ఉంటే దాన్ని ఇటు తెచ్చుకోవడానికే సమయం పోతుంది. ఫ్రేములు పంచుకునే పద్ధతికి మూలమే అక్కడ కదిలిపోయింది.

మన ఊళ్లో లెక్క

ఇప్పుడు షాపులో కుర్రాడి ప్రశ్నకు వద్దాం. అతని దగ్గర జీటీఎక్స్ 1080 ఉంది, ఇంకో 1080 చేతికి వస్తోంది అనుకుందాం. పోటీగా ఒక్క ఆర్‌టీఎక్స్ 4060ని పెడదాం.

ముందు కరెంటు. 1080 ఒక్కోటి 180 వాట్లు లాగుతుంది. రెండింటికి 360. ప్రాసెసరు, ఫ్యాన్లు, మిగతావి కలిపితే ఆట జోరు మీద ఉన్నప్పుడు 500 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. 4060 లాగేది 115 వాట్లే, మొత్తం పీసీ 250 వాట్లలో సర్దుకుంటుంది. మన ఇళ్లలో కంప్యూటర్ కింద ఎక్కువగా కనిపించేది 600 వీఏ యూపీఎస్. ఇలాంటివాటిలో చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. కొత్త కార్డున్న పీసీ కరెంటు పోతే కీచుమని అరుస్తూ ఆట సేవ్ చేసుకునేంత సమయం ఇస్తుంది. జంట కార్డుల పీసీ అదే యూపీఎస్ మీద ఉంటే కరెంటు పోయిన క్షణంలోనే ఆరిపోతుంది. అంటే పెద్ద యూపీఎస్ కొనాలి, పెద్ద పవర్ సప్లై కొనాలి. రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 22 యూనిట్లు అదనం. తిరుపతిలోనే కేంద్ర కార్యాలయమున్న ఎస్పీడీసీఎల్ బిల్లులో ఆ యూనిట్లు పై స్లాబులో పడితే నొప్పి ఇంకాస్త తెలుస్తుంది.

తర్వాత వేడి. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కేసులో రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి ఉంటే, కింది కార్డు వదిలిన వేడిగాలినే పై కార్డు ఫ్యాను లోపలికి పీలుస్తుంది. వేడెక్కిన కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట ఆడితే, రెండో కార్డు తెచ్చిన లాభంలో కొంత ఈ తగ్గుదలకే పోతుంది.

మదర్‌బోర్డు సంగతీ చూడాలి. చౌక బోర్డుల్లో రెండో స్లాటు చూపుకు పెద్దదే అయినా దానికి అందే డేటా దారులు (లేన్లు) నాలుగే. ఎస్ఎల్ఐకి ఒక్కో కార్డుకు కనీసం ఎనిమిది కావాలి. బోర్డు మార్చాలంటే దాంతోపాటు ప్రాసెసరూ మారొచ్చు. ఇక చేతిలో ఉన్నది 1080 కాక ఆర్‌టీఎక్స్ 3060 అయితే ఈ ప్రశ్నే పుట్టదు. దానికి జత కట్టే కనెక్టరే లేదు.

ఇవన్నీ దాటినా చివరికి నిలబడే ప్రశ్న ఆట నడుస్తుందా అని. జీటీఏ 5, షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి కొన్ని ఆటల్లో రెండో కార్డు నిజంగానే పనిచేస్తుంది. కొత్త ఆటల్లో రెండోది ఊరికే కూర్చుంటుంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు, 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్‌కు కాంతి పోకను లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. 1080లో అది లేదు. లేనిది రెండింతలైనా లేనిదే. పైగా 1080 తరం కార్డులకు ఆటల డ్రైవర్లను 2025 అక్టోబరుతో ఆపేస్తున్నట్టు, ఆపై భద్రతా అప్‌డేట్లే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది.

రెండోది అక్కరకొచ్చే చోటు

అలాగని రెండో కార్డు ఎక్కడా పనికిరాదని కాదు. వరుస తప్పకుండా, క్షణం తప్పకుండా ఫ్రేములు రావాలన్న షరతు లేని పనుల్లో రెండు కార్డులు దర్జాగా పనిచేస్తాయి. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మ రెండర్ చేసేటప్పుడు పనిని ముక్కలుగా పంచితే రెండూ చెరోవైపు లాగించేస్తాయి. కాకపోతే మొత్తం దృశ్యం ప్రతి కార్డు మెమరీలోనూ పట్టాలి. సొంత కంప్యూటర్‌లో ఏఐ మోడళ్లు నడిపే విద్యార్థులకైతే మోడల్‌లోని పొరలను రెండు కార్డులకూ పంచే వీలుంది. ఆటల్లో కలవని మెమరీ ఇక్కడ కలిసొస్తుంది. 12 జీబీ 3060లు రెండు ఉంటే, ఒక్కదానిలో పట్టని మోడల్ కూడా నడుస్తుంది. దీనికి ప్రత్యేక కనెక్టరూ అక్కర్లేదు.

ఆటల్లోనూ ఈ మధ్య ఒక చిన్న దారి తెరుచుకుంది. లాస్‌లెస్ స్కేలింగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే మొదటి కార్డు ఆటను గీస్తుంది, రెండో కార్డు మధ్య మధ్య ఊహా ఫ్రేములు తయారుచేసి చొప్పిస్తుంది. చూడ్డానికి ఆట నున్నగా కదులుతుంది. కానీ మౌసు కదిపినప్పటి నుంచి తెర మీద ఫలితం కనిపించేదాకా పట్టే ఆలస్యం తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా. వాలరెంట్ లాంటి పోటీ ఆటలు ఆడేవాళ్లకు ఇది పనికిరాదు. పాత కార్డు ఇంట్లో ఊరికే పడి ఉంటే ప్రయోగం చేసి చూడొచ్చు, దీనికోసం డబ్బు పెట్టి కొనడం దండగ.

కొనే ముందు

ఒక్క కార్డు అనుకున్నాక అది కొత్తదే కానక్కర్లేదు. 2022 సెప్టెంబరులో ఇథీరియం క్రిప్టో తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. రాత్రింబవళ్లు అరిగిన ఆ కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారులోకి గుంపులుగా వచ్చాయి. అందుకే పాత కార్డును బల్ల మీద చూసి కొనకూడదు. పీసీలో పెట్టించి అరగంట బరువైన పరీక్ష నడిపించి వేడి, ఫ్యాను శబ్దం గమనించాలి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి చూడాలి. పాత చిప్పుకు కొత్త పేరు తగిలించిన నకిలీ కార్డులను చాలావరకు అదే పట్టిస్తుంది. వెనకున్న సీరియల్ నంబరుతో వారంటీ మిగిలి ఉందో లేదో కంపెనీ సైటులో చూసుకోవచ్చు. బిల్లు లేకుండా రిచీ స్ట్రీట్‌లో మిగిలిన వెయ్యి రూపాయలు, కార్డు చెడితే మళ్లీ చెన్నై వెళ్లిరావడానికే సరిపోతాయి.

కాబట్టి ఆటల కోసమే అయితే రెండో కార్డు మాట మానేసి, ఉన్నదాన్ని మంచి ధర పలికేటప్పుడే అమ్మి, ఆ డబ్బు కలిపి ఒక్క కొత్త తరం కార్డు తీసుకోవాలి. రెండరింగో ఏఐ చదువో ప్రధానమైతేనే రెండో స్లాటు గురించి ఆలోచించాలి, అదీ పవర్ సప్లై, యూపీఎస్ ఖర్చు లెక్కలో వేసుకున్నాకే.