పందెపు గుర్రాలకు నీటి వ్యాయామం: ఉద్దానం తీరానికి తగిన లోతు ఎంత?

ఉత్తరాంధ్ర గ్రామాలలో సంక్రాంతి దినాలలో గుర్రపు పరుగు, ఎడ్ల బండి పోటీలు జరగడం విస్తరణ శాస్త్రవేత్తలకు తెలిసిన విషయమే. పోటీకి సిద్ధం చేసే జంతువును నీటిలో దింపడం మన ప్రాంతానికి కొత్త కాదు. గోదావరి జిల్లాలలో పందెం కోళ్లకు సైతం ఈత కొట్టిస్తారు. పలాస, టెక్కలి ప్రాంతాలలో గుర్రం సాధారణ పశువు కాదు. అయినప్పటికీ బారువ నుండి భావనపాడు వరకు సాగే ఇసుక తీరాన్ని చూసినవారికి, గుర్రాన్ని ఇక్కడ నీటిలో నడిపిస్తే మేలా, ఈదిస్తే మేలా అన్న సందేహం కలగడం సహజం. సస్యశాస్త్రం బోధించేవాడికి గుర్రంతో పనేమిటని పాఠకులు అనుకోవచ్చు. ఈ విషయంలో సగం నేలకు, నీటికి సంబంధించినది. మిగిలిన సగం పశువైద్య పరిశోధకులు నిర్ధారించినది.

నీటి లోతును బట్టి వ్యాయామ స్వభావమే మారుతుంది. నీటి సాంద్రత గాలి కంటే సుమారు 800 రెట్లు అధికం కనుక కాలు ముందుకు కదలడానికి ఎక్కువ శ్రమ కావాలి. వేగం రెట్టింపైతే నీటి నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. గిట్ట పైకీలు నుండి మోకాలి వరకు నీరున్నప్పుడు గుర్రం ప్రతి అడుగుకు కాలిని నీటి పైకి ఎత్తి వేస్తుంది. అందువలన కీళ్లు ఎక్కువగా ముడుచుకుంటాయి, కండరం బలపడుతుంది. అయితే ఈ లోతులో శరీర బరువు చెప్పుకోదగినంత తగ్గదు. నిలిచి ఉన్న గుర్రాలపై జరిపి 1987లో ప్రచురించిన కొలతల ప్రకారం, ముంగాలి మోచేయి వరకు నీరున్నప్పుడు కాళ్లపై భారం 10 నుండి 15 శాతం మాత్రమే తగ్గింది. తుంటి ఎముక వరకు ఉప్పునీరు నింపినప్పుడు 75 శాతం తగ్గింది. మోకాలి లోతు నీటిలో నడిపి, గాయపడిన కాలికి విశ్రాంతి ఇచ్చామని భావించడం ఈ కారణంగానే పొరపాటు.

ఈత పూర్తిగా వేరు. విశ్రాంతిలో నిమిషానికి 28 నుండి 44 వరకు ఉండే గుండె స్పందనలు ఈదేటప్పుడు 140 నుండి 180కి చేరడం సాధారణం. నీటి పీడనం ఛాతీని నొక్కుతుంది. గుర్రం తల పైకెత్తి, నడుము లోనికి వంచి, తొందరగా గాలి పీల్చి బలవంతంగా వదులుతుంది. గుండెకు, ఊపిరితిత్తులకు ఇది గట్టి పని. నడుము నొప్పి ఉన్నవాటికి, పరుగు తరువాత ముక్కు నుండి రక్తం కారిన చరిత్ర గలవాటికి ఈత తగదు.

అసలు చిక్కు ఎముక దగ్గర వస్తుంది. ఎముక గట్టిపడాలంటే గిట్ట నేలను తాకిన ప్రతిసారీ కలిగే ఒత్తిడి అవసరం. ఈతలో అది లేదు. కనుక కొన్ని వారాలపాటు ఈతకే పరిమితమైన గుర్రానికి దమ్ము పెరుగుతుంది, ఎముక మాత్రం వెనుకబడుతుంది. అటువంటి గుర్రాన్ని ఒక్కసారిగా గట్టి నేలపై పరుగెత్తించినప్పుడే కాలు విరిగే ప్రమాదం. చూడడానికి జంతువు మంచి పటుత్వంతో కనిపించడం వలన యజమాని మోసపోతాడు. ఈత సాగే రోజులలో కూడా వారానికి రెండు, మూడు సార్లు పొట్టి దూరపు పరుగు నేలపై ఉండితీరాలి.

బ్రిటన్‌లో గ్రాండ్ నేషనల్ పందెాన్ని 1973, 1974, 1977లలో గెలిచిన రెడ్ రమ్ అనే గుర్రానికి గిట్టలోని ఎముకకు వాపు వ్యాధి ఉండేది. దాని శిక్షకుడు జింజర్ మెకెయిన్ సౌత్‌పోర్ట్ తీరపు ఇసుకపై పరుగెత్తించి, సముద్రపు నీటిలో నడిపించి దానిని సిద్ధం చేశాడు. దానికి నేలపై పరుగు, నీటిలో నడక రెండూ దక్కాయి.

ఇక ఇసుక సంగతి. ఎండిన వదులు ఇసుకలో గిట్ట లోతుగా దిగి స్నాయువులపై అధిక శ్రమ పడుతుంది. అల తడిపి వెనుదిరిగిన పట్టీలో రేణువుల మధ్య నిలిచిన కొద్దిపాటి నీటి తలతన్యత వాటిని దగ్గరగా బంధిస్తుంది. నేల గట్టిగానూ, కొంత మెత్తగానూ ఉంటుంది. రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండితే ఆ బంధం పోయి ఇసుక జారుతుంది. మడమతో గట్టిగా తొక్కితే గుంట అంచులు నిలిచే పట్టీ పరుగుకు అనువైనది. అంచులు కరిగిపోయే చోట నడక చాలు.

గుర్రాల కోసం ఈత తొట్టి కట్టాలనే ఆలోచన ఎవరైనా తెస్తే, ఉద్దానంలో ముందుగా నీటి లెక్క వేయాలి. 20 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు గల తొట్టికి 1,80,000 లీటర్లు కావాలి. జల్ జీవన్ మిషన్ ప్రమాణమైన తలసరి 55 లీటర్ల చొప్పున ఇది సుమారు 3,270 మందికి ఒక రోజు నీరు. అడుగున పూత లేకపోతే, గంటకు 30 మిల్లీమీటర్లు ఇంకే ఇసుక నేలలో అడుగు భాగం నుండే గంటకు 1,800 లీటర్లు పోతాయి. పూత ఉన్నా పేడ, మూత్రం చేరిన నీటిని తరచూ మార్చక తప్పదు. మూత్రపిండాల వ్యాధితో బాధపడుతూ, తాగునీటిని హిరమండలం నుండి గొట్టాలలో తెచ్చుకునే ప్రాంతంలో ఈ ఖర్చును నేను సమర్థించలేను. ఊరి చెరువు కూడా ప్రత్యామ్నాయం కాదు. పశువులు మసలే నిలవ నీటిలో లెప్టోస్పైరా సూక్ష్మజీవుల భయం ఉంది.

తీరం ఉచితంగా ఇచ్చే మోకాలి లోతు నీరే ఇక్కడి పద్ధతికి పునాది కావాలి. అలలు విరిగే చోటును, వెనక్కి లాగే ప్రవాహాలను తప్పించి, ఆట తక్కువగా ఉన్న వేళ, మొదట ఐదు నిమిషాల నడకతో ఆరంభించి రెండు మూడు వారాలలో ఇరవై నిమిషాలకు పెంచవచ్చు. బంగాళాఖాతంలో గుర్రాన్ని ఈదించమని ఎవరికీ సలహా ఇవ్వరాదు. బయటకు వచ్చాక కాళ్లను మంచినీటితో కడిగి, గిట్టల వెనుక గుంతలను తుడిచి ఆరబెట్టాలి. తడి నిలిస్తే చర్మం పగులుతుంది. తీరపు ఉక్కపోతలో చెమట త్వరగా ఆరదు కనుక నీటిలో చల్లబడిన గుర్రానికి దాహం లేదనుకోరాదు. తీరానికి వెళ్లే ముందు, వచ్చిన తరువాత తాగినంత మంచినీరు ఇవ్వాలి. చెమటలో పోయిన లవణానికి రోజుకు సుమారు 50 గ్రాముల ఉప్పు దాణాలో కలపాలి. అందుకు నౌపడ ఉప్పు సరిపోతుంది.