పండుగనాడు మేత ఎవరు వేస్తారు?

గురజాల ప్రాంతానికి చెందిన మా పూర్వ విద్యార్థి ఒకడు ఒకనాడు అస్ర్ నమాజు తరువాత వచ్చి తలవంచుకుని కూర్చున్నాడు. హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో కోతుల సంరక్షకుడిగా ఉద్యోగం వచ్చిందట. "హజ్రత్, ఆ జీతం హలాలేనా? అమ్మ వద్దంటోంది" అన్నాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. కోటప్పకొండపై చేతిసంచి లాక్కుపోయే కోతులే తప్ప ప్రయోగశాల కోతి సంగతి మాకేమి తెలుసు? ముందుగా తెలుసుకున్నాము.

2020లో జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ కోవాక్సిన్ రూపొందించినప్పుడు, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దానిని 20 రీసస్ కోతులపై పరీక్షించింది. ఐదేసి చొప్పున నాలుగు గుంపులు. మూడింటికి టీకా, ఒకదానికి ఉత్తుత్తి మందు. ఆపై అన్నింటికీ వైరస్ ఎక్కించారు. టీకా వేయించుకున్న మనలో ఎందరికి ఆ 20 ప్రాణాలు గుర్తున్నాయి?

ఇటువంటి పనికి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి నియమాలు వర్తిస్తాయి. సంస్థ నమోదై ఉండాలి, నైతిక సంఘం ఒప్పుకోవాలి. కోతుల విషయంలో కేంద్ర కమిటీ అనుమతి కూడా కావాలి. అయితే కాగితాలకంటే కష్టమైనది రోజువారీ పోషణ. కొత్తగా వచ్చిన కోతిని వారాల తరబడి విడిగా ఉంచి, క్షయ పరీక్షలు పదేపదే చేయాలి. ఆ రోగం మనిషి నుండి కూడా దానికి అంటుతుంది గనుక సంరక్షకుడికీ పరీక్ష తప్పదు. కోతి కాటు, గీరుడు మనిషికి ప్రాణాంతకం కాగలవు. కరెంటు పోయినా గాలి, నీరు ఆగరాదు. కోతి గుంపులో బ్రతికే జీవి. ఒంటరిగా బంధిస్తే తన వెంట్రుకలు తానే పీక్కుంటుంది. అందుచేత జతగా ఉంచాలి, ఎక్కడానికి కొయ్యలు, వెదుక్కుని తినడానికి గింజలు ఇవ్వాలి.

"పండుగనాడు మేత ఎవరు వేస్తారు?" అని అడిగాము.

"వంతు పడినవారు, హజ్రత్."

"ప్రయోగం ముగిశాక?"

అతడు కాసేపు మాట్లాడలేదు. "కొన్నింటిని మత్తులోనే చంపి అవయవాలు పరీక్షిస్తారట" అన్నాడు.

పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, స్వయంగా వెదుక్కు తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపిన సంగతి మన ఇళ్ళలో పిల్లలకూ తెలుసు. బంధించినవాడు ఆ ప్రాణికి జవాబుదారీ. మనుషుల ప్రాణరక్షణకు వేరే దారి లేనప్పుడు, బాధను వీలైనంత తగ్గించి చేసే పరీక్షకు అవకాశం ఉందని మా అభిప్రాయం. సౌందర్య సాధనాల కోసమైతే ససేమిరా ఒప్పుకోము. మన దేశం 2014లోనే ఆ పరీక్షలను నిషేధించింది.

ఉద్యోగంలో చేరమన్నాము. మేతలో, నీటిలో లోపం కనిపిస్తే పైవారికి వ్రాతపూర్వకంగా తెలపాలని, వినకపోతే ఆ జీతం వదులుకోవాలని షరతు పెట్టాము. వాళ్ళమ్మకు మేమే ఫోన్ చేశాము. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. బక్రీదునాడు వంతు అతనికే పడింది. ఈద్ నమాజు చదివి నేరుగా కోతుల దగ్గరికే వెళ్ళాడు.